కార్న్ స్నేక్ పెట్టె: మన సీమలో వేడి కాదు, చల్లదనమే అసలు పని

ఈసారి వచ్చిన ప్రశ్నలన్నీ ఒక్క పాము చుట్టూనే తిరిగాయి. కార్న్ స్నేక్ అమెరికా ఆగ్నేయ రాష్ట్రాలది. విషం లేదు. పెద్దదైతే మూడు నుంచి ఐదడుగులు పెరుగుతుంది, బాగా చూసుకుంటే పదిహేను ఇరవై ఏళ్లు బతుకుతుంది. పొట్ట మీది నలుపు తెలుపు గళ్లు మొక్కజొన్న కంకి మీది గింజల్లా ఉంటాయి, పేరు అందుకే వచ్చిందని ఒక మాట ఉంది.

ఆదోని నుంచి ఒక డిగ్రీ విద్యార్థి: కార్న్ స్నేక్ పెంచితే కేసు పెడతారా? దాని బదులు పొలంలో దొరికే జెర్రిపోతు పిల్లను పెంచుకుంటే ఖర్చు మిగులుతుంది కదా?

జెర్రిపోతు మాట మరచిపోండి. జెర్రిపోతు, నాగుపాము, రెండు తలల పాము లాంటి మన నేల పాముల్ని పట్టడం, ఇంట్లో ఉంచుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. పైగా అడవి పాము పెట్టెలో సరిగా తినదు, బెదిరి కరుస్తుంది, ఒంటి నిండా పురుగులతో వస్తుంది.

కార్న్ స్నేక్ విదేశీ జీవి. విదేశీ జంతువులు ఉన్నవాళ్లు పరివేశ్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో స్వచ్ఛందంగా వివరాలు ఇవ్వాలని కేంద్ర పర్యావరణ శాఖ 2020 జూన్‌లో సూచించింది. దేశాల మధ్య వన్యజీవుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం జాబితాల్లోని జంతువులకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేస్తూ 2024లో నియమాలు వచ్చాయి. చాలామంది పెంచుకునే ఆఫ్రికా కొండచిలువ బాల్ పైథాన్ ఆ జాబితాలో ఉంది, కార్న్ స్నేక్ లేదు. అయినా కాగితాలు లేకుండా కొనొద్దు. పెంపకంలో పుట్టిన పిల్ల అని రాసిన రశీదు, పుట్టిన నెల, ఇప్పటిదాకా తిన్న మేతల లెక్క అడిగి తీసుకోండి. డబ్బు కట్టే ముందే మీ డివిజన్ అటవీ అధికారి కార్యాలయంలో ఒకసారి కనుక్కోండి. రశీదు ఇవ్వనని నసిగేవాడి దగ్గర పాము ఎంత చవగ్గా ఉన్నా వద్దు.

అనంతపురం నుంచి ఒక ఉద్యోగి: వీడియోల్లో హీట్ మ్యాట్, హీట్ ల్యాంప్ ముందుగా కొనమంటున్నారు. మా పాము గది మిద్దె పైన ఉంటుంది. ఎన్ని వాట్లది కొనాలి?

ముందు గది మార్చండి. ఆ వీడియోలు చలి దేశాలవాళ్లు చేసినవి. వాళ్ల తిప్పలన్నీ వెచ్చదనం కోసం. మనకు మార్చి నుంచి జూన్ దాకా తిప్పలు తిరగబడతాయి. ఈ పాముకు పెట్టెలో ఒక కొస 29 నుంచి 31 డిగ్రీలు, రెండో కొస 23 నుంచి 26 డిగ్రీలు ఉండాలి. రెండు కొసల మధ్య తిరుగుతూ ఒంటి వేడిని తనే సర్దుకుంటుంది. పెట్టె అంతా 33 దాటితే పోవడానికి చల్లని చోటు లేక అల్లాడుతుంది. 35 దాటి గంటల తరబడి ఉంటే ప్రాణానికే ముప్పు.

మిద్దె మీది గదిలో జరిగేది ఇది. స్లాబు పగలంతా ఎండ తాగి, సాయంత్రం ఆరు తర్వాత ఆ వేడిని గదిలోకి వదలడం మొదలుపెడుతుంది. బయట చల్లబడినా రాత్రి పది గంటలకు గది ఉడుకుతూనే ఉంటుంది. అందుకని కింది అంతస్తులో, పడమటి గోడకు తగలకుండా, ఇంటి నడిమి గదిలో చోటు చూడండి. వంటింటి పక్కన వద్దు. కిటికీ ఎండ అద్దం మీద పడే చోటు అసలు వద్దు. మూసిన అద్దాల పెట్టె మీద పావుగంట నేరుగా ఎండ పడినా లోపల పొయ్యి అవుతుంది.

పాము రాకముందే పెట్టెను వారం పది రోజులు ఖాళీగా నడపండి. రెండు కొసల్లో నేలకు ఆనేట్టు రెండు డిజిటల్ థర్మామీటర్లు పెట్టి ఉదయం ఆరుకు, మధ్యాహ్నం మూడుకు, రాత్రి పదికి అంకెలు రాయండి. చల్లని కొస మధ్యాహ్నం మూడుకు 30 దాటుతుంటే ఆ గది పనికిరాదు, లేదా ఏసీ 26-27 మీద ఉంచాల్సిందే. ఏసీ లేకపోతే లీటరు సీసాలో నీళ్లు గడ్డకట్టించి, రెండు మడతల తువ్వాలు చుట్టి, పళ్లెంలో నిలబెట్టి చల్లని కొసలో పెట్టండి. పళ్లెం లేకపోతే సీసాకు పట్టిన చెమ్మ కింది పరుపును తడిపి బూజు పట్టిస్తుంది. సీసాలు కనీసం నాలుగు ఉండాలి: రెండు పెట్టెలో, రెండు ఫ్రీజర్‌లో. కరెంటు పోయే వేళల్లో మీ ఆధారం అవే.

ఇక మ్యాట్, అంటే కరెంటుతో వేడెక్కే పలుచని పట్టా. అనంతపురంలో డిసెంబరు, జనవరి రాత్రులకు మాత్రం అది కావాలి. పెట్టె నేలలో మూడో వంతు మించకుండా, ఒక కొసన, అడుగు బయటివైపు అంటించండి. థర్మోస్టాట్, అంటే పెట్టిన వేడికి చేరగానే కరెంటు ఆపే పరికరం, లేకుండా ఒక్క గంట కూడా నడపొద్దు. అదుపు లేని మ్యాట్ 45 డిగ్రీలు దాటగలదు. పొట్ట కింద మెల్లగా కాలుతున్నా పాము అక్కడే చుట్టుకుని ఉండిపోవచ్చు. కోడిపిల్లల ఇంక్యుబేటర్లకు వాడే ఎస్‌టీసీ-1000 రకం థర్మోస్టాట్ చాలు: 30 డిగ్రీలకు పెట్టి, తేడా 1 డిగ్రీ ఇవ్వండి, అంటే 30కి ఆగి 29కి దిగితే మళ్లీ మొదలవుతుంది. దాని సెన్సరును మ్యాట్‌కు సరిగ్గా పైన, పెట్టె నేలకు ఆనించాలి. గాలిలో వేలాడదీస్తే గాలి 30కి చేరేలోపు నేల మండిపోతుంది. సెన్సరు తీగను లోపల సెల్లో టేపుతో మాత్రం అంటించొద్దు. టేపు పొలుసులకు అతుక్కుంటే చర్మంతో సహా ఊడి వస్తుంది. హాట్ గ్లూ వాడండి. ల్యాంపు మనకు అక్కర్లేదు, అసలే పొడిగా ఉన్న గాలిని ఇంకా ఎండగడుతుంది.

పామును తెచ్చుకునేది సెప్టెంబరు తర్వాత పెట్టుకోండి. ఏప్రిల్, మే ఎండలో బస్సు డిక్కీలో వచ్చిన పాము కోలుకోవడం కష్టం.

తాడిపత్రి నుంచి ఒక పాఠకుడు: పెట్టె ఎంత ఉండాలి? వడ్రంగితో చేయించొచ్చా? అడుగున వేరుశనగ పొట్టు పరవొచ్చా? మా దగ్గర బండలకు కొదవ లేదు.

పెద్ద పాముకు నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్, ముందు వైపు షోకేస్‌కు వేసే స్లైడింగ్ అద్దాలు, వాటికి షోకేస్ తాళం. గాలికి ఒక పక్క కిందుగా, ఎదుటి పక్క పైగా రంధ్రాలు పెట్టించి లోపలి నుంచి స్టీలు జాలీ కొట్టించండి. జాలీ కన్ను 3 మిల్లీమీటర్లు మించొద్దు. మూలల్లో సిలికాన్ పూసి, లోపల నీటితో కలిసే పాలిష్ వేయించండి. సిలికాన్ పులుపు వాసన, పాలిష్ వాసన పూర్తిగా పోయేదాకా, అంటే కనీసం రెండు వారాలు, పామును దించొద్దు. ముక్కు పెట్టి చూస్తే తెలిసిపోతుంది.

అయితే పిల్లను మొదటి రోజే ఆ పెట్టెలో వేయొద్దు. రెండు స్లైడింగ్ అద్దాల నడుమ ఉండే సందు వడ్రంగి కంటికి ఏమీ కాదు, పిల్లపాముకు అది తలుపే. పెన్సిల్ దూరే సందులో పిల్ల దూరుతుంది. ఏడాదిదాకా రెండడుగుల పొడవున్న క్లిప్పుల మూత ప్లాస్టిక్ డబ్బా మేలు. వేడి మేకుతో 3 మిల్లీమీటర్ల రంధ్రాలు రెండు పక్కలా పదిహేను ఇరవై పెట్టండి. మేకును లోపలి నుంచి బయటికి గుచ్చాలి, కరిగిన ప్లాస్టిక్ అంచు బయటికి లేస్తుంది. బయటి నుంచి గుచ్చితే ఆ అంచు లోపల మిగిలి, సందులు వెతికే పాము మూతి గీరుకుపోతుంది.

వేరుశనగ పొట్టు వద్దు. దుమ్ము ఎక్కువ, చెమ్మ తగిలితే రెండు రోజుల్లో బూజు. వరి ఊక కూడా గరుకు దుమ్మే. దేవదారు, పైన్ రంపపు పొట్టు వాసనలోని నూనెలు ఊపిరితిత్తులకు చెరుపు. పిల్లకు మొదటి రెండు నెలలు టిష్యూ కాగితమే మంచిది. రెట్ట ఎలా ఉందో, పురుగులు ఉన్నాయో వెంటనే కనబడుతుంది. తర్వాత నర్సరీల్లో దొరికే కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) దిమ్మె. ఐదు కిలోల దిమ్మె నానితే అరవై లీటర్లు దాటుతుంది, మీ నాలుగడుగుల పెట్టెలో ఆరు సెంటీమీటర్ల మందాన పరవడానికి నలభై మూడు లీటర్లు చాలు. ఒకసారి మంచినీళ్లలో కడిగి ఉప్పు పోగొట్టి, పిడికిట పిండితే చుక్క రాలనంతగా ఎండబెట్టి పరవండి.

బండ మంచి ఆలోచన. అడుగు చదరపు కడప బండ చల్లని కొసలో ఉంటే పాము పొట్ట ఆనించి పడుకుంటుంది. కానీ బండను కోకోపీట్ మీద పెట్టకండి. పాము కింద తవ్వుకుంటూ పోతుంది, బండ కుంగి మీద పడుతుంది. ముందు పెట్టె నేల మీద బండ దించి, దాని చుట్టూ కోకోపీట్ పోయండి.

దాక్కునే గూళ్లు రెండు తప్పనిసరి, వెచ్చని కొసలో ఒకటి, చల్లని కొసలో ఒకటి. ఒక్కటే ఉంటే పాము వేడి చూసుకోవాలా, భద్రత చూసుకోవాలా తేల్చుకోలేక భద్రతనే ఎంచుకుని అక్కడే ఉండిపోతుంది. పిల్లకు అర కొబ్బరి చిప్ప బోర్లించి, అంచున బొటనవేలు పట్టేంత గంటు కోసి, గరుకు కాగితంతో రుద్దితే సరిపోతుంది. పెద్దదానికి పూలకుండీ అడ్డంగా సగం పాతండి. గూడు విశాలంగా ఉండకూడదు. చుట్టుకున్న ఒళ్లు గోడలకు ఆనాలి.

ప్రొద్దుటూరు నుంచి ఒక గృహిణి: మా అబ్బాయి పాము కావాలంటున్నాడు. బోనులో పడ్డ ఎలుకలు, గోడ మీది బల్లులు పెడితే మేత ఖర్చు ఉండదంటాడు. మా అత్తగారు నాగుల చవితికి పాలు పోద్దామంటున్నారు.

అబ్బాయికి రెండూ వద్దని చెప్పండమ్మా. వీధి ఎలుక ఏ ఇంట్లో మందు తిని వచ్చిందో తెలియదు, ఆ విషం పాముకూ ఎక్కుతుంది. బల్లులతో పేగు పురుగులు వస్తాయి. పెంపకంలో పుట్టిన చిట్టెలుకలు, గడ్డకట్టించినవి, తెప్పించుకోవాలి. అవి మీ ఊరికి చెడకుండా చేరే దారి దొరికాకే పాము. పిల్లకు రెండు మూడు గ్రాముల బొచ్చు రాని ఎలుకపిల్ల ఒకటి, ఐదు నుంచి ఏడు రోజులకోసారి. పెద్దదానికి పెద్ద చిట్టెలుక ఒకటి, పది పద్నాలుగు రోజులకోసారి. మేత లావు పాము నడుము లావుకు కాస్త అటూ ఇటూ, ఒకటిన్నర రెట్లు దాటొద్దు.

ముందు రాత్రి ఫ్రీజర్ నుంచి ఫ్రిజ్‌లోకి దించి, మర్నాడు కవరులో కట్టి 40 డిగ్రీల నీళ్లలో పావుగంట ఉంచి, పొడవాటి పట్టకారుతో అందించాలి. మైక్రోవేవ్‌లో పెడితే పైన ఉడికి నడుమ గడ్డగానే ఉంటుంది. తిన్నాక రెండు రోజులు పామును ముట్టుకోకూడదు. కక్కితే అది చలి వల్లనో, వేడి వల్లనో, పెద్ద మేత వల్లనో అయి ఉంటుంది. పది పద్నాలుగు రోజులు కడుపుకు విశ్రాంతినిచ్చి సగం సైజు మేతతో మళ్లీ మొదలుపెట్టాలి. నిజం చెప్పాలంటే ఇంట్లో ఒప్పించాల్సింది పాము గురించి కాదు, ఫ్రీజర్‌లో ఉండబోయే ఎలుకపిల్లల డబ్బా గురించి. దానికి వేరే చిన్న ఫ్రీజర్ ఉంటే గొడవ ఉండదు.

పాలు పాముకు అరగవు. పుట్ట దగ్గర చవితి చేసుకోమనండి, పెట్టెలో మాత్రం మంచినీళ్లే.

కర్నూలు నుంచి ఒక పాఠకుడు: పాము తెచ్చి నాలుగు నెలలైంది. కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడింది, తోక కొసన ఉంగరంలా మిగిలింది. గదిలో కూలర్ కూడా నడుస్తోంది.

గాలిలో చెమ్మ చాలక అలా అవుతుంది. ఈ పాముకు 40 నుంచి 60 శాతం కావాలి, మన ఎండాకాలపు మధ్యాహ్నాల్లో అందులో సగం కూడా ఉండదు. తోక ఉంగరాన్ని ముందు చూడండి; ఎండి బిగుసుకుంటే రక్తం ఆగి కొస నల్లబడి రాలిపోతుంది. మూత ఉన్న డబ్బాలో 28-30 డిగ్రీల నీళ్లు పాము వీపు మునగనంత పోసి, ఇరవై నిమిషాలు అందులో ఉంచండి, పక్కనే కూర్చోండి. తర్వాత తడి తువ్వాలు మడతల్లోంచి పాకనివ్వండి. తోక కొసను తడి దూదితో తల నుంచి తోక వైపుకే నిమరండి. రాకపోతే మర్నాడు మళ్లీ. కంటి మీది పొర మిగిలితే గోటితో గిల్లొద్దు, అది సరీసృపాలు చూసే డాక్టరు పని. మీకు హైదరాబాద్ సుమారు 210 కిలోమీటర్లు. వెళ్లే ముందు ఫోన్ చేసి పాముల్ని చూస్తారో లేదో కనుక్కోండి.

మళ్లీ ఇలా కాకుండా మూత ఉన్న టిఫిన్ డబ్బాకు గుండ్రని రంధ్రం కోసి, లోపల తడి నాచు గానీ కొబ్బరి పీచు గానీ నింపి పెట్టెలో ఉంచండి. కళ్లు పాలు పోసినట్టు నీలంగా మారిన రోజు నుంచి కుబుసం విడిచేదాకా ఆ డబ్బా తడి ఆరకూడదు. ఆ రోజుల్లో మేత వద్దు, పామును చేతిలోకి తీసుకోవడం వద్దు. కూలరు గాలి నేరుగా పెట్టె మీదికి కొట్టనీయకండి. కిటికీలు మూసి కూలరు నడిపితే ఇంకో చిక్కు: చెమ్మ 75, 80కి పోయి రోజుల తరబడి దిగదు. పొట్ట పొలుసుల మీద గోధుమ రంగు మచ్చలు, నోట్లో బుడగలు, ఊపిరిలో గురక అలాగే మొదలవుతాయి. ఒక కిటికీ తెరిచి ఉంచండి.

కడప నుంచి ఒక పాఠకుడు: తప్పించుకుపోతే ఎలా వెతకాలి?

తలుపుల కింద తువ్వాళ్లు కుక్కి, రాత్రి దీపాలార్పి, గడపల దగ్గర పలుచగా మైదాపిండి చల్లండి. పొద్దున చార చూస్తే ఏ గదిలో ఉందో తెలుస్తుంది. ఫ్రిజ్ వెనుక మోటారు పక్కన, ఇన్వర్టర్ కింద, బియ్యం బస్తాల వెనుక ముందు చూడండి. నీళ్ల గిన్నె ఒకటి గోడ వారగా పెట్టండి. పక్కింటివాళ్లకు ఫోటో చూపించి చెప్పి ఉంచండి, కర్ర ఎత్తేముందు మిమ్మల్ని పిలుస్తారు. అన్నిటికన్నా ముఖ్యం: సందులో తోక కనబడగానే మీదేనని చెయ్యి పెట్టకండి. కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర కూడా మన ఇళ్లలోకి వచ్చేవే. టార్చి వేసి తల, వీపు మచ్చలు రెండూ చూశాకే చెయ్యి చాపండి. అనుమానంగా ఉంటే గది తలుపు మూసి పాములు పట్టేవాళ్లను పిలవండి. కాటు పడితే కట్లు, కోతలు లేకుండా నేరుగా 108.