గొంతు తగ్గించి చెప్పే మాట

చి.సౌ. అమ్మడికి పెద్దమ్మ ఆశీస్సులు.

గర్భం రాకుండా వేసే అంతర సూది వేయించుకున్న అమ్మాయిలు తెల్లబట్ట అవుతోందని వస్తున్నారు, సూది మానిపించనా అని అడిగావు. ఫోనులో తేలే మాట కాదు కాబట్టి రాస్తున్నాను.

మానిపించకు. ముందు వాసన సంగతి అడుగు.

నేను ఏఎన్ఎంగా చేరిన కొత్తలో లంక నుంచి పంటు పడవ మీద ఒక కొత్త కోడలు వచ్చింది. వెంట అత్తగారు. ఆ పిల్ల గొంతు తగ్గించి ఏదో చెప్పబోయింది. నేను సగం విని “శుభ్రంగా కడుక్కో అమ్మా” అని పంపేశాను. పాపం, నా మాటే పట్టుకుని రోజూ సబ్బునీళ్లతో లోపలి దాకా కడిగింది. రెండు వారాలకు మంటతో నడవలేక మళ్లీ వచ్చింది. లోపల కడగకూడదు, పైన మామూలు నీళ్లు చాలు అని నేను చెప్పలేదు. తప్పు నాదే.

లోపల కాపురముండే లాక్టోబాసిల్లస్‌లు మన పెరుగు తోడులోని సూక్ష్మజీవులకు బంధువులు. ఈస్ట్రోజన్ అనే ఆడవాళ్ల హార్మోను వల్ల యోని గోడలో గ్లైకోజన్ అనే ఒక రకం పిండిపదార్థం నిల్వ ఉంటుంది. దాని ఆధారంగానే ఇవి బతికి లాక్టిక్ ఆమ్లం తయారు చేస్తాయి. ఆ పులుపు వల్ల పిహెచ్ (పులుపు కొలత, పులుపు పెరిగితే ఈ అంకె తగ్గుతుంది) 4.5 దాటదు, చెడ్డవి తల ఎత్తవు. సబ్బు ఆ పులుపును విరిచేస్తుంది. నెత్తురుకు పులుపు లేదు కనుక రోజుల తరబడి నెలసరి కనిపించినా అంతే. (బంధువులన్నాను కదా అని పెరుగు రాసుకోమనకు. ఆ వైద్యం చెప్పేవాళ్లు నీ ఊళ్లోనూ ఉంటారు.)

ఇక నీ సూది సంగతి. మాలా-ఎన్ లాంటి గర్భనిరోధక మాత్రల్లో ఈస్ట్రోజన్ ఉంటుంది. అవి వాడేవారిలో బ్యాక్టీరియల్ వెజైనోసిస్, అంటే లోపల మంచివి తగ్గి చెడ్డ సూక్ష్మజీవులు పెరగడం, తక్కువగానే కనిపిస్తుంది. మూడు నెలలకోసారి వేసే అంతరలో ఉన్నది ప్రొజెస్టిన్ అనే మరో హార్మోను ఒక్కటే. అయినా తెల్లబట్ట నేరమంతా దాని మీద మోపడానికి ఆధారం లేదు. నెత్తురు ఎక్కువగా పోయే కాపర్-టీ వాళ్లలోనే ఈ ఇబ్బంది ఎక్కువని పరిశోధనల్లో తేలింది. ఈ సూది మందు వాడేవాళ్లకు హెచ్ఐవీ ఎక్కువగా అంటుతుందన్న భయం చాలాకాలం ఉండేది. ఆఫ్రికాలోని నాలుగు దేశాల్లో 7,829 మంది మీద చేసి 2019లో వెల్లడించిన పరీక్షలో సూదికీ, కాపర్-టీకీ, చేతిలో పెట్టే ఇంప్లాంట్‌కూ మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. భయంతో సూది మానేసి ఆరు నెలలకు గర్భంతో వచ్చిన వాళ్లను మాత్రం నేను చాలామందిని చూశాను.

పలచగా, బూడిద రంగులో, నీచు వాసనతో ఉంటే వెజైనోసిస్. చేపల చెరువుల గట్ల మీద పెరిగిన పిల్లలకు ఆ వాసన విడమరచి చెప్పనక్కరలేదు. విరిగిన పాలలా ముద్దలుగా ఉండి దురద పెడితే ఫంగస్. మొదటిదానికి మెట్రోనిడజోల్, రెండోదానికి ఫంగస్ మందు. ఒకదాని మందు రెండోదానికి పనికిరాదు. అందుకే మెడికల్ షాపులో చేతికందిన మాత్ర కొనుక్కోవద్దని చెప్పు. పొత్తికడుపు నొప్పి, జ్వరం, చీములాంటి స్రావం ఉన్నా, గర్భిణి అయినా ఆ రోజే డాక్టరు దగ్గరికి పంపు.

వెజైనోసిస్ ఉన్నప్పుడు హెచ్ఐవీ, క్లమీడియా లాంటి సుఖరోగాలు తేలికగా అంటుకుంటాయి. మాత్ర, సూది, కాపర్-టీ ఇవన్నీ గర్భాన్ని ఆపేవే, రోగాన్ని ఆపేవి కావు. నిరోధ్ ప్యాకెట్ కూడా చేతిలో పెట్టు. భర్త కువైట్ నుంచి వచ్చిన ఇళ్లలో మాత్రమే ఆ మాట ఎత్తితే ఊరంతా చెప్పుకుంటారు. అందరికీ ఒకేలా ఇవ్వు.

అత్తగారిని మాత్రం ఏదో ఒక పని చెప్పి బయట కూర్చోబెట్టు. బీపీ చూస్తానంటే సంతోషంగా కూర్చుంటారు, నేను అదే చేసేదాన్ని.

నీ గది కిటికీకి పరదా లేదని మీ అమ్మ చెప్పింది. పాత నేత చీర ఒకటి రేపటి బస్సులో పంపుతున్నాను. రెండు ముక్కలుగా కుట్టించు, ఒకటి తలుపుకు.

మీ పెద్దమ్మ