బహుమతిగా కొన్న ప్లాస్టిక్ బ్యాటు విరిగి దెబ్బ తగిలింది: ఆ టేపు ఎప్పుడు చుట్టారు?

ప్రశ్న: మాది విశాఖపట్నం, కంచరపాలెం. గాజువాకలో ఉండే మా అక్క కొడుకు ఎనిమిదో పుట్టినరోజుకి పూర్ణా మార్కెట్ దగ్గర ఒక షాపులో ప్లాస్టిక్ బ్యాట్లు, బంతుల సెట్టు 780 రూపాయలకు కొన్నాను. 2024లో ఎన్నికల పోలింగ్ ముందు రోజు పుట్టినరోజు. పోలింగ్ అయ్యాక వచ్చిన ఆదివారం పెరట్లో బ్యాటు ఊపుతుంటే పిడి దగ్గర విరిగి, చేతిలో మిగిలిన ముక్క వాడి కనుబొమ్మ మీద గీసుకుంది. ఐదు కుట్లు పడ్డాయి. ప్రైవేటు ఆస్పత్రిలో 11,400 అయింది. షాపతను, 'కొన్నది నువ్వు, దెబ్బ తగిలింది వేరేవాళ్ళకి. బిల్లు లేదు, ప్లాస్టిక్‌కి గ్యారంటీ ఉండదు' అన్నాడు. డబ్బు ఫోన్‌పేలో కట్టాను. బ్యాటు అటక మీద ఉంది. పిడికి బావగారు నల్ల టేపు చుట్టారు. అప్పటి నుంచి అక్క నాతో సరిగా మాట్లాడటం లేదు. రెండు సంక్రాంతులకూ పిలవలేదు. ఇందులో నా తప్పు ఉందా? కేసు వేయవచ్చా? ఒక స్నేహితుడు పాత తేదీతో బిల్లు రాసిస్తానంటున్నాడు.

జవాబు: మీరు పంపిన ఉత్తరం నాలుగు పేజీలు. అందులో మూడు పేజీలు మీ అక్క గురించే. ఆ బాధ నాకు అర్థమైంది కానీ దానికి చట్టంలో జవాబు లేదు. పిల్లవాడి గాయానికి, దాని వల్ల కలిగిన మానసిక వేదనకు పరిహారం అడగవచ్చు. అక్కాతమ్ముళ్ళ మధ్య మాటలు ఆగిపోయినందుకు అడగలేరు. మీ కేసు నిలుస్తుందా లేదా అన్నది మూడో పేజీ చివర మీరు మామూలుగా రాసేసిన ఒక్క వాక్యంలో ఉంది: 'పిడికి బావగారు నల్ల టేపు చుట్టారు.'

ఎప్పుడు చుట్టారు? దెబ్బ తగలక ముందా, తర్వాతా?

మీరు రాయలేదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 87వ సెక్షన్ ప్రకారం, హాని జరిగే సమయానికి వస్తువును తప్పుగా వాడినా, దానికి మార్పులు చేసినా అమ్మినవాడి మీద ప్రొడక్ట్ లయబిలిటీ కేసు, అంటే వస్తువులోని లోపం వల్ల కలిగిన హానికి పరిహారం అడిగే కేసు, నడవదు. పిడి ముందే పగుళ్ళిస్తే బావగారు టేపు చుట్టి మళ్ళీ పిల్లవాడి చేతికి ఇచ్చారనుకోండి, అవతలి లాయరు ఆ ఒక్క మాట పట్టుకుని మొత్తం కేసు తోసేయమంటాడు. విరిగిన తర్వాత ముక్కలు కలిపి ఉంచడానికి చుట్టారంటే అది వేరే సంగతి. అందుకే ముందు బావగారిని అడగండి. అడిగేటప్పుడు 'తర్వాతే కదా' అని మాట అందించకండి. ఆయన 'ముందే' అంటే ముందే అని నాకు చెప్పండి, అప్పుడు వేరే దారి చూద్దాం. రేపు అఫిడవిట్ మీద సంతకం పెట్టేది ఆయనే, అడ్డప్రశ్నలు వస్తే జవాబు చెప్పాల్సిందీ ఆయనే.

దాంతోపాటు ఇంకో రెండు ప్రశ్నలు వస్తాయి. ఆ ఆదివారం పిల్లలు ఏ బంతితో ఆడారు? సెట్టుతో వచ్చిన గుల్ల ప్లాస్టిక్ బంతితోనా, కార్కు బంతితోనా? కార్కు బంతి అయితే 'తప్పుగా వాడారు' అంటారు. రెండోది, బ్యాటు ఎన్ని రోజులు ఎండలో పడి ఉంది? ఎండకు ప్లాస్టిక్ పెళుసెక్కుతుందని వాళ్ళు వాదిస్తారు, అది నిజం కూడా. ఇక్కడ మాత్రం మీకు బలం ఉంది. పుట్టినరోజు మే 12, దెబ్బ తగిలింది మే 19. వారం రోజుల్లో పిడి ఊడేంతగా ప్లాస్టిక్ పాడవదు.

ఈ తేదీలు మీ ఉత్తరంలో లేవు, నేను లెక్క కట్టుకున్నాను. మన రాష్ట్రంలో పోలింగ్ 2024 మే 13, సోమవారం. ఆ తర్వాతి ఆదివారం 19. పిల్లవాడికి కుట్లు పడిన తేదీ కూడా రాయకుండా న్యాయ సలహా అడిగితే ఎలా? అదే చట్టం 69వ సెక్షన్ ప్రకారం, కేసు వేయడానికి కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్ళలోపు ఫిర్యాదు దాఖలు చేయాలి. అంటే 2026 మే 19. ఇప్పుడు ఏప్రిల్ నడుస్తోంది. తగిన కారణం ఉంటే ఆలస్యాన్ని మన్నించే అధికారం ఈ కేసులు విచారించే వినియోగదారుల కమిషన్‌కు ఉంది కానీ, 'అక్క మాట్లాడలేదు, అందుకే ఆగాను' అన్నది కారణంగా నిలబడుతుందని నేను అనుకోను. బాధితుడు మైనర్ కదా, గడువు వర్తించదని ఎవరైనా చెబితే ఆ ధైర్యంతో కూర్చోవద్దు. లీగల్ నోటీసు పంపినంత మాత్రాన గడువు పెరగదు. ఈ అపోహతో మంచి కేసులు పోగొట్టుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. నోటీసు పంపండి, పది రోజులు గడువివ్వండి, జవాబు వచ్చినా రాకపోయినా మే మొదటి వారంలో ఫిర్యాదు వేసేయండి.

'కొన్నది నువ్వు, దెబ్బ వాడికి' అని షాపతను అన్న మాట చెల్లదు. కొన్నవారి అంగీకారంతో ఆ వస్తువును వాడేవారూ చట్టం దృష్టిలో వినియోగదారులే. మీరు కొని చేతికిచ్చారు, మీ మేనల్లుడు వాడాడు. వాడు మైనర్ కాబట్టి వాడి తరఫున మీ అక్క గానీ బావగారు గానీ ఫిర్యాదుదారుగా ఉండాలి. మీరు కొనుగోలుదారుగా పక్కన చేరవచ్చు. వాళ్ళ సంతకం లేకుండా మీరొక్కరే వేస్తే గాయం సంగతి బలహీనపడుతుంది. 'నేను తయారు చేయలేదు, అమ్మానంతే' అనడం కూడా కుదరదు. తయారీదారు ఎవరో తెలియకపోతే అమ్మినవాడే బాధ్యుడని 86వ సెక్షన్ చెబుతుంది.

బిల్లు విషయంలో మీ మీద నాకు కోపం వస్తోంది. 780 రూపాయలు పెట్టి వస్తువు కొని, బిల్లు అడగడానికి మొహమాటపడ్డారు. దానికి తోడు, బహుమతి మీద ధర కనిపించకూడదని ఎమ్మార్పీ స్టిక్కర్ గోటితో గీకేసి, పైన ఉన్న అట్టముక్క చించేసి రంగు కాగితం చుట్టారు. చాలామంది చేసే పనే. కానీ తయారీదారు పేరు, చిరునామా ఉండేది ఆ అట్టముక్క మీదే. ఐఎస్ఐ మార్కు ఉందో లేదో తెలిసేదీ అక్కడే. 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్ళలోపు పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. 'ఇది బొమ్మ కాదు, స్పోర్ట్స్ సామాను' అని షాపతను అనవచ్చు. బొమ్మల భద్రతకు పెట్టిన ఐఎస్ 9873 ప్రమాణంలో అసలు క్రీడా పరికరాలకు మినహాయింపు ఉంది, వాటి నమూనాలో చేసిన బొమ్మలకు లేదు. పెరట్లో చిన్నపిల్లలు ఆడే గుల్ల ప్లాస్టిక్ బ్యాటు బొమ్మే అని మనం గట్టిగా వాదించవచ్చు.

ఇప్పుడు మీ స్నేహితుడి సంగతి. ఆ బిల్లు ముట్టుకోవద్దు. వేరే షాపు బిల్లు పుస్తకంలో 2024 మే తేదీ వేసి మీ పేరు రాస్తే, ఆ పుస్తకం తెప్పించమని అవతలివాళ్ళు ఒక్క పిటిషన్ వేస్తే చాలు. ముందు బిల్లు ఏ తేదీది, వెనక బిల్లు ఏ తేదీది అని చూస్తే బండారం బయటపడుతుంది. కన్జ్యూమర్ కమిషన్ ముందు జరిగేది న్యాయ విచారణ కిందే లెక్క. అక్కడ దొంగ సాక్ష్యం పుట్టిస్తే భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద ఏడేళ్ళ వరకు జైలు పడవచ్చు, మీకూ మీ స్నేహితుడికీ. ఐదు కుట్లు పడ్డ పిల్లవాడి నిజమైన కేసు మీ ఒక్క అబద్ధంతో పోతుంది.

పైగా మీకు ఆ బిల్లు అవసరమే లేదు. బిల్లు ఇవ్వకపోవడం వినియోగదారుల రక్షణ చట్టం 2(47) సెక్షన్ ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి, అంటే అది షాపతని తప్పు. మీ చేతిలో యూపీఐ చెల్లింపు ఉంది. బ్యాంకుకు వెళ్ళి 2024 మే నెల స్టేట్‌మెంట్ ముద్ర వేయించి తీసుకోండి. ఫోన్ మార్చినా ఆ లెక్క బ్యాంకులో ఉంటుంది. అందులో షాపు పేరు బదులు యజమాని సొంత పేరు పడి ఉంటుంది, చిన్న షాపుల్లో ఎక్కువగా అంతే. అందుకని షాపుకెళ్ళి, గల్లాపెట్టె దగ్గర అతికించిన క్యూఆర్ స్టిక్కరూ షాపు బోర్డూ కనిపించేలా ఫొటో తీయండి. రెండు పేర్లూ కలిస్తే కొనుగోలు రుజువైనట్టే.

తర్వాత పుట్టినరోజు ఫొటోలు. కేకు కోసేటప్పుడు, బహుమతులు విప్పేటప్పుడు ఎవరో ఒకరు వీడియో తీసే ఉంటారు. బంధువులందరినీ అడగండి. సెట్టులోని రెండో బ్యాటు మీదో, బంతుల సంచి మీదో చిన్న లేబుల్ మిగిలి ఉండవచ్చు. ఐఎస్ఐ మార్కు కింద లైసెన్సు నంబరు కనిపిస్తే ఆ మార్కు ఇచ్చే సంస్థ బీఐఎస్ వారి 'బీఐఎస్ కేర్' యాప్‌లో కొట్టి చూడండి, నిజమైనదో కాదో తెలుస్తుంది. ఆ ఫొటోలు వాట్సాప్‌లో మామూలుగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపించుకోండి. అసలు ఫొటో ఉన్న ఫోన్‌ను అమ్మేయవద్దని వాళ్ళకు చెప్పండి.

విరిగిన బ్యాటును అటక మీద నుంచి దించండి కానీ టేపు విప్పవద్దు, తుడవవద్దు, జిగురు పెట్టవద్దు. ఎలా ఉందో అలాగే నాలుగు వైపులా ఫొటోలు తీసి, పెద్ద కవరులో పెట్టి సీలు చేసి, తేదీ రాసి, ఇద్దరు పెద్దవాళ్ళతో సంతకం చేయించండి. లోపం పరీక్షిస్తే గానీ తేలదనుకుంటే కమిషన్ దాన్ని ల్యాబ్‌కు పంపుతుంది. పరీక్ష ఫీజు మిమ్మల్నే ముందు కట్టమనవచ్చు, దానికి సిద్ధంగా ఉండండి. రెండో బ్యాటు చెక్కుచెదరకుండా ఉంటే అది ఇంకా విలువైనది. దాన్ని ఇక ఎవరికీ ఆడుకోవడానికి ఇవ్వవద్దు.

ఆస్పత్రి కాగితాల్లో దెబ్బ ఎలా తగిలిందని రాశారో చదవండి. హడావిడిలో 'ఆడుకుంటూ పడ్డాడు' అని చెప్పి ఉంటే అది మనకు ఎదురు తిరుగుతుంది. రికార్డు నకలు కోసం రాతపూర్వకంగా అడగండి. వైద్య మండలి నిబంధనల ప్రకారం 72 గంటల్లో ఇవ్వాలి, ఆస్పత్రిలో చేర్చుకున్న రోగుల రికార్డును చికిత్స మొదలైనప్పటి నుంచి మూడేళ్ళు దాచాలి. కాబట్టి మీ మేనల్లుడిని చేర్చుకుని ఉంటే వాడి కాగితాలు ఇంకా అక్కడ ఉండాలి.

ఫిర్యాదు విశాఖపట్నం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయాలి. ఫిర్యాదుదారు నివసించే చోట వేసే హక్కు ఉంది. వస్తువుకు చెల్లించిన ధర ఐదు లక్షల లోపు కాబట్టి కోర్టు ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. వైద్యం ఖర్చు, బ్యాటు ధర, పిల్లవాడి బాధకు పరిహారం, కేసు ఖర్చులు అడగండి. అంకె మాత్రం రుజువు చేయగలిగినంతే వేయండి. షాపతను దారికొచ్చి డబ్బు ఇస్తానంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ద్వారానో, కమిషన్ మధ్యవర్తిత్వంలోనో తేల్చుకోండి. షాపులో నిలబడి అతను చాచిన తెల్లకాగితం మీద సంతకం పెట్టవద్దు.

ఒకవేళ టేపు ముందే చుట్టారని తేలితే పరిహారం కేసు మీద ఆశ పెట్టుకోకండి. అప్పుడు కూడా ఐఎస్ఐ మార్కు లేని బొమ్మ అమ్మాడని బీఐఎస్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఆ షాపులో అలాంటి సెట్లు ఇంకా వేలాడుతుంటే, వేసవి సెలవుల్లో వాటిని కొనేవాళ్ళ పిల్లల కోసమైనా చేయండి.

మీ తప్పు ఉందా అని అడిగారు. బ్యాటు కొనడంలో లేదు. ఈ రాత్రి బావగారికి ఫోన్ చేసి టేపు సంగతి కనుక్కోండి. రేపు ఉదయం గాజువాక వెళ్ళి, మీ అక్క ఎదురుగానే ఆ బ్యాటు దించి సీలు చేయండి.