టెక్ సందేహాలు: 63 వచ్చిన గేమ్‌ను కొనవచ్చా?

సెలవులు మొదలయ్యాయంటే ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల తీరు మారిపోతుంది. ప్రింటర్లు, వైఫై రూటర్లు వెనక్కి వెళ్లి వీడియో గేములు ముందుకు వస్తాయి. ఈసారి వచ్చిన ప్రశ్నలు చాలావరకు గొప్ప గేముల గురించి కావు, చెత్త గేముల గురించీ కావు. విమర్శకులు "పరవాలేదు" అని వదిలేసిన గేముల గురించి. మన డబ్బు ఎక్కువగా పోయేదీ, మనకు అనుకోని సంతోషం దొరికేదీ ఈ గేముల దగ్గరే కాబట్టి, ఈ వారం స్థలమంతా వాటికే ఇస్తున్నాను.

ప్రశ్న (ప్రొద్దుటూరు నుంచి ఒక తండ్రి): మా అబ్బాయి ఇంటర్ పరీక్షలు రాశాడు. ప్లేస్టేషన్ 4లో ఆడటానికి "ది ఆర్డర్: 1886" అనే గేమ్ పాత డిస్కు కొనిపెట్టమంటున్నాడు. నెట్‌లో చూస్తే దానికి 100కు 63 వచ్చిందని ఉంది. 63 అంటే ఫస్ట్ క్లాసే కదా, మరి అందరూ అంతంత మాత్రమే అంటున్నారేమిటి?

జవాబు: మీరు వేసుకున్న లెక్క మన పరీక్షల లెక్క. 35 వస్తే గట్టెక్కినట్లు, 60 దాటితే ఫస్ట్ క్లాస్. గేముల స్కోర్లకు ఆ లెక్క పనికిరాదు. మీరు చూసింది మెటాక్రిటిక్ స్కోరు. 2001లో మొదలైన ఆ సైట్ పలువురు విమర్శకుల మార్కులను కలిపి ఒక సగటు చూపిస్తుంది. 75, అంతకు పైన వచ్చిన గేమ్‌కు ఆకుపచ్చ రంగు, 50 నుంచి 74 వరకు పసుపు, 50కి లోపు అయితే ఎరుపు వేస్తారు. ఇదే సైట్ సినిమాల దగ్గరకు వచ్చేసరికి 61 నుంచే ఆకుపచ్చ వేస్తుంది. అంటే 63 వచ్చిన సినిమా బాగున్నట్లు, 63 వచ్చిన గేమ్ మాత్రం మిశ్రమం అన్నట్లు. పత్రికలు కూడా తలా ఒక కొలత పట్టుకుంటాయి. ఐజీఎన్ అనే గేమ్ సైట్ దృష్టిలో 10కి 7 అంటే బాగుంది, 6 అంటే సరేలే, 5 అంటే సాదాసీదా. బ్రిటన్ నుంచి వచ్చే ఎడ్జ్ పత్రిక 5ను నిజంగానే మధ్యస్థానికి గుర్తుగా వాడాలని పట్టుబడుతుంది. జపాన్‌లోని ఫామిత్సు పత్రికలో నలుగురు విడివిడిగా పదేసి మార్కుల్లో వేసి, మొత్తం 40కి లెక్క చెబుతారు. అందుకే మార్కు చూసేటప్పుడు అది ఎవరి కొలతబద్ద మీదిదో కూడా చూడాలి.

ఇక మీ అబ్బాయి అడిగిన గేమ్ సంగతి. 2015లో అది వచ్చినప్పుడు అందులోని లండన్ నగరపు బొమ్మలను దాదాపు అందరూ మెచ్చుకున్నారు. తిట్టింది ముఖ్యంగా రెండు విషయాలకు. కొత్త గేమ్‌కు పెట్టే పూర్తి ధరకు అది చాలా పొట్టిదని, ఆడేవాడి చేతిలోంచి ఆటను మాటిమాటికీ లాక్కుని సినిమాలా చూపిస్తుందని. మీరు కొంటున్నది పాత డిస్కు కాబట్టి మొదటి ఫిర్యాదు బరువు చాలా తగ్గిపోతుంది. రెండోది మాత్రం ఎంత తక్కువకు కొన్నా అలాగే ఉంటుంది. కథ చూడటం ఇష్టమైన పిల్లవాడైతే సంతోషిస్తాడు, చేతికి పని కావాలనేవాడైతే విసుక్కుంటాడు. ఇంకొక మాట కూడా చెప్పాలి. యూరప్ రేటింగ్ ప్రకారం అది 18 ఏళ్లు నిండిన వారికి ఉద్దేశించినది. రక్తపాతం బాగానే ఉంటుంది. కొనే ముందు పది నిమిషాలు మీరు కూడా యూట్యూబ్‌లో చూడండి.

ప్రశ్న (ఆదోని నుంచి డిగ్రీ విద్యార్థి): "డేస్ గాన్" గేమ్ కొనాలని డబ్బులు కూడబెట్టాను. విమర్శకుల సగటు 71 అని పసుపు రంగులో ఉంది. కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో ఆడినవాళ్లు మాత్రం "వెరీ పాజిటివ్" అంటున్నారు. ఎవరిని నమ్మాలి?

జవాబు: ఇద్దరూ నిజమే చెబుతున్నారు, కానీ వాళ్లకు వేసిన ప్రశ్న ఒకటి కాదు. విమర్శకుణ్ణి అడిగేది ఈ గేమ్ ఎంత బాగుందని. స్టీమ్ అడిగేది దీన్ని ఇంకొకరికి సిఫారసు చేస్తావా, చేయవా అని మాత్రమే. బొటనవేలు పైకో కిందికో చూపడం తప్ప అక్కడ మార్కు వేసే వీలు లేదు. "పదికి ఆరున్నర ఇస్తాను, అయినా నాకు నచ్చింది" అనుకునేవారు వందమంది ఉంటే, ఆ వందమందీ పైకే చూపిస్తారు, స్టీమ్‌లో 100 శాతం కనిపిస్తుంది. అదే వందమంది విమర్శకులుగా రాస్తే సగటు 65 వచ్చి పసుపు రంగులో ఉండిపోతుంది. స్టీమ్‌లో పైకి చూపినవారు 80 శాతం దాటితే "వెరీ పాజిటివ్", 40 నుంచి 69 శాతం మధ్య ఉంటే "మిక్స్‌డ్". పైగా స్టీమ్‌లో రాసేవారు గేమ్‌ను ఇష్టపడి ఎంచుకున్నవారు, చాలామంది డిస్కౌంట్‌లో కొన్నవారు. విమర్శకుడు తనకు నచ్చని రకం గేమ్‌ను కూడా గడువులోపు పూర్తి చేసి రాయాల్సి ఉంటుంది.

మీరు చూసిన 71 ప్లేస్టేషన్ 4 స్కోరు. అది 2019 ఏప్రిల్ 26న విడుదలైన గేమ్ మీద ఇచ్చిన తీర్పు. అప్పుడు అందులో బగ్గులు, అంటే ప్రోగ్రామ్ తప్పులు ఉండేవి, గుంపుగా శత్రువులు మీద పడినప్పుడు బొమ్మ తడబడేది. కంప్యూటర్‌కు వచ్చింది 2021 మే 18న, అంటే రెండేళ్ల పాటు ప్యాచ్‌లు (తప్పులు సరిచేసే అప్‌డేట్లు) పడ్డాక. ఆ రూపానికి విమర్శకుల సగటు 76, పసుపు గీత దాటి ఆకుపచ్చలో పడింది. ఓ మోస్తరు గేమ్ మీద వచ్చిన రివ్యూలు చదివేటప్పుడు, ఒక్కొక్క ఫిర్యాదు దగ్గర ఆగి ఇది ప్యాచ్‌తో పోయేదా, పోనిదా అని అడగమని నేను అందరికీ చెబుతాను. బగ్గులు పోతాయి, తడబాటు పోతుంది. కానీ ఒకే రకం పని మళ్లీ మళ్లీ చేయిస్తోందని, కథ అందుకోవడానికి చాలా గంటలు పడుతోందని డేస్ గాన్ గురించి రాశారే, అవి గేమ్ ఎముకల్లో ఉన్న గుణాలు. 2019లో ఎంత నిజమో ఈరోజూ అంతే నిజం.

అయితే అలాంటి గుణం అందరికీ లోపంగా కనిపించాలని లేదు. ఈ గేమ్‌లో కథానాయకుడికి ఒక మోటార్‌సైకిల్ ఉంటుంది. దానికి పెట్రోలు అయిపోతుంది, దెబ్బ తగిలితే రిపేరు చేసుకోవాలి. నేను ఆడుతున్నప్పుడు ఒక రాత్రివేళ అడవి దారిలో, వానలో, బండి ఆగిపోయింది. దాన్ని అక్కడే వదిలి పెట్రోలు డబ్బా కోసం పాడుబడ్డ ఇళ్ల మధ్య వంగి వంగి నడుస్తుంటే, చెట్ల వెనుక నుంచి శత్రువుల గుంపు గురగుర వినిపించింది. డబ్బా దొరికి, తిరిగి బండి దగ్గరకు వచ్చి స్టార్ట్ చేసేదాకా నేను ఊపిరి బిగబట్టే ఉన్నాను. ఇదే సంగతిని ఒక విమర్శకుడు "పదే పదే పెట్రోలు పోయించడం విసుగు" అని రాయవచ్చు, అతనిదీ తప్పు కాదు. ఎమ్మిగనూరు రోడ్డు మీద చీకట్లో బండి ఆగితే ఎలా ఉంటుందో తెలిసిన మీకు మాత్రం అది విసుగు అనిపించకపోవచ్చు.

డబ్బు విషయంలో జాగ్రత్త ఒకటి. స్టీమ్‌లో కొన్న 14 రోజుల లోపు, ఆడిన సమయం 2 గంటలకు తక్కువగా ఉంటే రీఫండ్ అడగవచ్చు. డౌన్‌లోడ్‌కు పట్టే సమయం ఆ 2 గంటల్లో కలవదు. కానీ నిదానంగా మొదలయ్యే ఈ గేమ్ నచ్చుతుందో లేదో 2 గంటల్లో తేలదు. మీ ల్యాప్‌టాప్ దాన్ని లాగగలదో లేదో మాత్రం తేలుతుంది, ఆ సమయాన్ని దానికే వాడుకోండి. కనీసం 8 జీబీ ర్యామ్, డిస్కులో 70 జీబీ ఖాళీ ఉండాలి. 70 జీబీ దింపాలంటే 30 ఎంబీపీఎస్ కనెక్షన్ మీద 5 గంటలకు పైనే పడుతుంది. గ్రాఫిక్స్ కార్డు విడిగా లేని ల్యాప్‌టాప్ అయితే కొనవద్దు.

ప్రశ్న (అనంతపురం నుంచి): "సైబర్‌పంక్ 2077" మొదట్లో బాగాలేదని, ఇప్పుడు అద్భుతంగా ఉందని వీడియోల్లో చెబుతున్నారు. నా దగ్గర ప్లేస్టేషన్ 4 ఉంది. పాత డిస్కు తక్కువకు వస్తోంది, తీసుకోనా?

జవాబు: తీసుకోవద్దు. మీరు వింటున్న పొగడ్తలు ఎక్కువగా 2023 సెప్టెంబర్‌లో వచ్చిన 2.0 అప్‌డేట్ తరువాతివి. ఆ అప్‌డేట్ కంప్యూటర్‌కు, ప్లేస్టేషన్ 5కు, కొత్త ఎక్స్‌బాక్స్ సిరీస్‌కు వచ్చింది కానీ ప్లేస్టేషన్ 4కు రాలేదు. ఈ గేమ్ విషయంలో మొదటి నుంచీ తీర్పులు రెండు. 2020 డిసెంబర్ 10న విడుదలకు ముందు విమర్శకులకు ఇచ్చింది కంప్యూటర్ కాపీలే కావడంతో మంచి మార్కులు ముందు వచ్చాయి. కంప్యూటర్‌లో సగటు 86 ఉంటే ప్లేస్టేషన్ 4లో 57. విడుదలైన 8 రోజులకే సోనీ తన స్టోర్ నుంచి దాన్ని తీసేసి, 2021 జూన్‌లో మళ్లీ పెట్టింది. రివ్యూ చదివేటప్పుడు మార్కు కన్నా ముందు, ఏ మెషీన్‌లో ఆడి రాశారో ఆ వాక్యాన్ని వెతకండి. ప్లేస్టేషన్ స్టోర్‌లో డిజిటల్‌గా కొంటే డౌన్‌లోడ్ మొదలుపెట్టాక మామూలుగా రీఫండ్ ఇవ్వరన్నది కూడా గుర్తుంచుకోండి.

ప్రశ్న (కడప నుంచి ఇంజినీరింగ్ విద్యార్థిని): తెలుగులో గేమ్ రివ్యూల ఛానల్ పెట్టాలని ఉంది సార్. మొదటి వీడియోకు మన దేశపు గేమ్ "రాజీ" తీసుకున్నాను. ఎంత ఆలోచించినా దానికి పదికి ఎంత ఇవ్వాలో తేల్చుకోలేకపోతున్నాను.

జవాబు: మీకు తేలకపోవడం మంచి సూచనే అమ్మా, మీరు శ్రద్ధగా ఆడారని అర్థం. పుణెలోని నోడింగ్ హెడ్స్ సంస్థ చేసిన ఆ గేమ్ 2020లో వచ్చింది. నేను రెండు సాయంత్రాల్లో పూర్తి చేశాను. కోట గోడల మీద బొమ్మలు, తమ్ముడి కోసం వెతుకుతున్న రాజీ అనే పిల్లను చూస్తూ దుర్గ, విష్ణువు మాట్లాడుకునే మాటలు, ముక్కలు తిప్పుతూ పూర్తి చేయాల్సిన మండలాలనే గుండ్రటి చిత్రాలు, ఇవన్నీ చూస్తుంటే మన గుడి మండపంలో తల పైకెత్తి చూస్తున్నట్లే అనిపించింది. కానీ పోరాటం దగ్గర నాకు చేయి కుదరలేదు. త్రిశూలం విసరడం మొదలయ్యాక పక్కకు తప్పుకుందామని బటన్ నొక్కితే, ఆ విసురు పూర్తయ్యేదాకా ఆమె కదలనట్లు అనిపించి, తప్పు నాది కాకుండానే దెబ్బ తిన్నానన్న భావన మిగిలింది. కథ కూడా ముగిసినట్లు కాక ఆగినట్లు ఉంది.

ఈ రెండు అనుభవాలను కలిపి 7 అంటే, వినేవాడికి ఆ గోడలూ తెలియవు, ఆ త్రిశూలమూ తెలియదు. ఒక హోటల్‌లో ఉగ్గాని బ్రహ్మాండం, బజ్జీ పచ్చి అనుకోండి, టిఫిను ఓ మోస్తరుగా ఉందని చెబితే వినేవాడికి ఏమి ఉపయోగం? ఉగ్గాని తినమని, బజ్జీ వద్దని చెప్పాలి. 2010లో వచ్చిన "డెడ్లీ ప్రెమోనిషన్" అనే గేమ్‌కు అమెరికాలోని ఐజీఎన్ 10కి 2 ఇస్తే, డిస్ట్రక్టాయిడ్ అనే మరో సైట్ 10కి 10 ఇచ్చింది. సగటు 68 దగ్గర నిలిచింది. ఆ ఇద్దరిలో ఎవరికీ ఆ గేమ్ 68 మార్కుల గేమ్ కాదు.

ఒక్క అంకె తేడా ఎంత దూరం పోతుందో కూడా మీరు తెలుసుకోవాలి. అదే 2010లో అబ్సిడియన్ సంస్థ చేసిన "ఫాలౌట్: న్యూ వేగస్"కు మెటాక్రిటిక్‌లో 85 వస్తే బోనస్ అన్న షరతు ఉండేది. వచ్చింది 84. బోనస్ రాలేదు. విమర్శకులెవరూ ఆ ఉద్దేశంతో మార్కులు వేసి ఉండరు, అయినా ఆ అంకెలు పోయి పనిచేసినవారి జేబులో తగిలాయి. అందుకే నా సలహా, మొదటి ఏడాది మార్కులు వేయకండి. యూరోగేమర్ అనే రివ్యూల సైట్ కూడా 2015 నుంచి 2023 వరకు అంకెలు మానేసి నడిపింది. వీడియో మొదట్లోనే ఏ మెషీన్‌లో, ఎన్ని గంటలు, ఎక్కడిదాకా ఆడారో చెప్పండి, సొంత డబ్బుతో కొన్నారో ఉచితంగా వచ్చిందో చెప్పండి. పోరాటం బాగాలేదని ఊరుకోకుండా, ఆ బటన్ నొక్కిన క్షణాన్ని అర నిమిషం తెర మీద చూపించండి. మన దేశం వాళ్లు చేశారని తప్పులు దాచవద్దు, దాస్తే వాళ్ల రెండో గేమ్‌కు మీ మాట ఎవరూ నమ్మరు. చేసినవారి కష్టాన్ని ఎగతాళి కూడా చేయవద్దు. ఓ మోస్తరు గేమ్ వెనుక కూడా ఏళ్ల తరబడి పని ఉంటుంది.

ప్రశ్న (కర్నూలు నుంచి): ఫోన్ గేములకు ప్లే స్టోర్‌లో అన్నిటికీ 4కు పైనే స్టార్లు ఉంటాయి. మంచిదేదో ఎలా తెలుస్తుంది?

జవాబు: అక్కడి సగటులో కొత్త రేటింగులకు ఎక్కువ బరువు ఇస్తారు, మీకు కనిపించేది మన దేశంవారు ఇచ్చిన రేటింగ్. సగటును వదిలి, రివ్యూలలోకి వెళ్లి 3 స్టార్లవి మాత్రమే చూపేలా పెట్టండి. 5 ఇచ్చినవారు ఒక్క ముక్కలో మెచ్చుకుని వెళ్లిపోతారు, 1 ఇచ్చినవారు చాలాసార్లు లాగిన్ కాలేదన్న కోపంతో రాస్తారు, 3 ఇచ్చినవారే ఏది బాగుందో, ఎక్కడ ప్రకటనలు అడ్డం వస్తున్నాయో, ఎన్నో లెవెల్ నుంచి డబ్బు అడుగుతోందో విడమరిచి రాస్తారు. డబ్బు కట్టి కొన్న గేమ్ నచ్చకపోతే 48 గంటల లోపు గూగుల్‌కు రీఫండ్ అభ్యర్థన పెట్టవచ్చు. ఆ గడువు దాటితే గేమ్ తయారీదారునే అడగాల్సి వస్తుంది.