తుమ్మి కాదు, జొన్నమల్లె: పువ్వు చీల్చి చూస్తే తేలిన సంగతి

ప్రశ్న: రెండెకరాల చెల్కలో వానాకాలం జొన్న వేశాను. ఇప్పుడు 70 రోజుల పంట. ఒక మూల పదిహేను సాళ్ల మేర జొన్న గిడసబారింది. వానలు పడుతున్నా మధ్యాహ్నానికి ఆకులు చుట్టుకుపోతున్నాయి. ఆ మొదళ్ల దగ్గర జానెడు ఎత్తు మొక్కలు లేచి తెల్లగా పూశాయి. మా నాయన తుమ్మి అంటున్నాడు. మందుల దుకాణంలో జింకు లోపం అన్నారు. ఫొటోలు పంపుతున్నాను. ఇది ఏం మొక్క? ఏం కొట్టాలి?
– ఒక రైతు, వికారాబాద్ జిల్లా

జవాబు: మీ ఫొటోల్లో తెల్లపూలు, సన్నటి ఆకులు తప్ప మరేమీ తెలియలేదు. వాటిని బట్టే చెప్పాల్సి వస్తే నేనూ మీ నాయన గారి మాటే అనేవాణ్ణి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రైతు వాడిన కొమ్మ తెస్తే పైపైన చూసి తుమ్మి అని చెప్పి పంపేశాను. మరుసటి ఏడు ఆయన చేను చూశాక చాలా రోజులు మనసు మనసులో లేదు. అందుకే ఒక మొక్కను జొన్న దుబ్బుతో సహా తవ్వి, తడి గోనెలో చుట్టి పంపమని మీకు ఫోనులో చెప్పాను. నిన్న అందింది.

ముందు తుమ్మి సంగతి చూద్దాం. తుమ్మికి కాండం నలుపలకగా ఉంటుంది. పూలు కణుపు చుట్టూ బంతిలా గుత్తి కడతాయి. పై పెదవి చిన్నది, నూగుతో టోపీలా ఉంటుంది. కింది పెదవి చాప పరిచినట్టు వెడల్పు. పువ్వు లాగేసి అడుగున గిన్నెలోకి చూస్తే నాలుగు చిన్న గుండ్లు పక్కపక్కన కనిపిస్తాయి, వాటి నడిమి నుంచి కీలం, అంటే పుప్పొడిని అందుకునే సన్నటి కాడ, లేస్తుంది. అవే తర్వాత నాలుగు గింజలవుతాయి.

మీరు పంపిన మొక్కలో ఒక్కో ఆకు పంగలో ఒకటే పువ్వు ఉంది. గొట్టం దారమంత సన్నం. నిటారుగా లేచి, చివరికి వచ్చేసరికి మోకాలు మడిచినట్టు వంగింది. పై పెదవి పొట్టిగా, మధ్యలో చిన్న నొక్కుతో ఉంది. కింద మూడు రెక్కలు. గొట్టాన్ని గుండుసూదితో నిలువునా చీల్చితే లోపల నాలుగు కేసరాలు దాక్కుని ఉన్నాయి, రెండు పొడుగు, రెండు పొట్టి. ఒక్కోదానికి పుప్పొడి అర ఒకటే. అండాశయం నున్నగా ఒకే ముద్ద, నాలుగు గుండ్లు లేవు. తుమ్మి కాదని అక్కడే తేలిపోయింది. ఇది జొన్నమల్లె. శాస్త్రీయంగా స్ట్రైగా అంటాం.

ఇందులోనూ రకాలున్నాయి. వాటిని విడదీసేది రెక్కల రంగు కాదు, పువ్వు అడుగున ఉండే ఆకుపచ్చ గిన్నె, అంటే రక్షక పత్రావళి. దాని మీద నిలువునా గట్లు ఉంటాయి. పది రెట్లు చూపే భూతద్దం కింద, గిన్నెను వేళ్ల మధ్య మెల్లగా తిప్పుతూ లెక్కపెట్టాలి. 5 గట్లుంటే స్ట్రైగా డెన్సిఫ్లోరా, 10 ఉంటే స్ట్రైగా ఏసియాటికా, 15 ఉంటే స్ట్రైగా అంగుస్టిఫోలియా. మీ మొక్కకు మూడు పూలలోనూ 10 వచ్చాయి. ఇదే ఏసియాటికా మన దగ్గర ఎక్కువగా తెల్లగా పూస్తే, 1956లో అమెరికాలో కరొలినా రాష్ట్రాల మక్క చేలలో బయటపడ్డప్పుడు ఎర్రగా పూసింది. రంగును నమ్ముకుంటే ఇట్లాగే మోసపోతాం.

ఇక వేరు. మొక్కను పట్టి పీకితే లేత వేరు పుటుక్కున తెగుతుంది, దాని బతుకు అది బతికే కలుపే అనిపిస్తుంది. మీ దుబ్బును బకెట్ నీళ్లలో మెల్లగా కడిగితే, జొన్నమల్లె వేరు ఉబ్బిన బుడిపెలా జొన్న వేరును కరుచుకుని కనిపించింది. నీళ్లు, పోషకాలు అక్కణ్ణుంచే లాగుతోంది. పదునున్నా జొన్న ఆకు చుట్టుకుపోయేది ఇందుకే. జింకు లోపమైతే తెల్లపూల మొక్కలున్న చోటే జొన్న వాడదు కదా!

దీని గింజ దుమ్ములాంటిది, మిల్లీమీటరులో మూడో వంతు. ఒక్క మొక్క 50 వేలకు పైగా గింజలు రాల్చగలదు. అవి నేలలో పదేళ్లకు పైగా నిద్రపోతాయి. జొన్న లాంటి కొన్ని పంటల వేరు నుంచి ఊరే ఒక పదార్థం తగిలితేనే మొలుస్తాయి. నిజానికి పంట మొక్క దాన్ని విడిచేది భాస్వరం అందించే మేలు శిలీంద్రాలను పిలుచుకోవడానికి. ఆ పిలుపును ఈ దొంగ కూడా వింటుంది. నేలలో భాస్వరం, నత్రజని తగ్గేకొద్దీ వేరు మరింత గట్టిగా పిలుస్తుంది. చవుడు పట్టని సారవంతమైన నేలల కంటే బక్క చెల్కల్లోనే మల్లె ఎక్కువ ఎందుకుంటుందో అర్థమైందనుకుంటాను.

ఇప్పుడు మీరు చేయాల్సింది. గుంటుక తోలి ప్రయోజనం లేదు, జరగాల్సిన నష్టం మల్లె పైకి లేవకముందే నేల లోపల జరిగిపోయింది. ఈ ఏడు ఆ పదిహేను సాళ్ల దిగుబడి మీద ఆశ పెట్టుకోకండి. పూత మీదున్న మొక్కలను చేత్తో పీకి, ఒకచోట ఎండబెట్టి కాల్చేయండి. ఎండితే నల్లబడుతుంది, భయపడొద్దు. గట్టు మీద పారేయొద్దు, పెంటకుప్పలో వేయొద్దు. వారం పది రోజులకు కొత్తవి లేస్తాయి, మళ్లీ పీకాలి. 2,4-డి సోడియం సాల్టు కొట్టొచ్చని దుకాణంలో చెబుతారు. మల్లె మీద అది పనిచేస్తుంది, కానీ మీ పక్క చేనులో పత్తి ఉందన్నారు. గాలికి నాలుగు చుక్కలు అటు వెళ్లినా పత్తి ఆకులు ముడుచుకుపోతాయి. మీ చోట నేనైతే కూలీలనే పెడతాను.

వచ్చే ఏడు ఆ మడిలో జొన్న వద్దు. మక్క, సజ్జ, కొర్ర, రాగి, చెరుకు కూడా వద్దు, అవీ దీనికి ఆతిథ్యమిచ్చేవే. పత్తి, ఆముదం, బొబ్బర్లు, పల్లి, పొద్దుతిరుగుడు వేయండి. వీటి వేళ్లు కూడా మల్లె గింజను మొలిపిస్తాయి, కానీ కరుచుకోవడానికి చోటివ్వవు. మొలిచిన గింజకు వారం రోజుల్లో ఆధారం దొరక్కపోతే చచ్చిపోతుంది. ఒక్క ఏడాదితో నేల శుభ్రమవుతుందని మాత్రం అనుకోవద్దు, కనీసం రెండు మూడేళ్లు జొన్న మానాలి. పశువుల ఎరువు దండిగా తోలండి, భూసార పరీక్ష చేయించి భాస్వరం వేయండి. ఈ చేను జొన్నలను విత్తనానికి దాచుకోవద్దు.

పీకేటప్పుడు కింది కాయలను ఒకసారి చూడండి. గోధుమ రంగుకు తిరిగి ఉంటే నోరు విప్పడానికి సిద్ధంగా ఉన్నట్టు. అలాంటి మొక్కకు ముందు పాలిథీన్ సంచి తొడిగి, మూతి బిగించి, ఆ తర్వాతే పీకండి.