టెక్ సందేహాలు: 100ఎక్స్ జూమ్, బూజు పట్టిన లెన్సు, ఆరొందల మెమరీ కార్డు

శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో చెట్ల మీద పిట్టల గూళ్లు పడ్డాయి, ఇక్కడ నా ఇన్‌బాక్స్ నిండిపోయింది. ఎప్పుడూ ‘ఏ ఫోన్ కొనాలి’ అని అడిగేవాళ్లు కూడా ఇప్పుడు ‘ఏ లెన్సు కొనాలి’ అంటున్నారు, అందుకని ఈసారి ప్రింటర్లూ వైఫైలూ పక్కనపెట్టేసి అన్నీ పిట్టల ఫొటోల సందేహాలే తీసుకున్నా.

“సార్, నా ఫోన్‌కి 100ఎక్స్ జూమ్ ఉంది. తేలినీలాపురంలో గూడబాతుని (పెలికాన్) తీస్తే రంగులు పూసిన బొమ్మలా వచ్చింది, ఈకలు అసలు తెలీట్లేదు. సెట్టింగ్ ఏటైనా మార్చాలా, కెమెరా కొనేయాలా? డబ్బులు మాత్రం ఎక్కువ లేవు.” – డిగ్రీ స్టూడెంట్, టెక్కలి

సెట్టింగ్ ఏం లేదు బాబూ. ఆ వందలో లెన్సు నిజంగా చేసే పని మూడింతలో ఐదింతలో, మహా అయితే పదింతలో, ఆపైదంతా ఉన్న బొమ్మని కోసి సాగదీసి మధ్యలో ఖాళీలు సాఫ్ట్‌వేర్ తనకి తోచినట్టు పూడ్చడమే, ఈక ఎలా ఉంటుందో దానికేం తెలుసు. నీ ఫోన్‌లో అసలు జూమ్ ఎంతో స్పెసిఫికేషన్స్‌లో ‘ఆప్టికల్’ అన్న మాట పక్కన చూడు, అక్కడే ఆగి తీసి తర్వాత క్రాప్ చేసుకో.

కెమెరా సంగతికొస్తే, నువ్వు అదృష్టవంతుడివి. మిగతా ఊళ్లవాళ్లు పిట్ట కోసం అడవులు పట్టుకు తిరుగుతారు, మీ పక్కన అవి ఇళ్ల మధ్య చెట్ల మీదే గూడు కట్టుకుంటాయి, కింద మనుషులు తిరుగుతుంటే పైన ఎర్రకాళ్ల కొంగ పిల్లకి చేప పెడుతుంటుంది. అలాంటి చోటికి లక్షల లెన్సు ఎందుకు? సెకండ్‌హ్యాండ్ డీఎస్ఎల్ఆర్ (లెన్సు మార్చుకునే కెమెరా) ఒకటి, దానికి 55-250 ఎంఎం గానీ 70-300 ఎంఎం గానీ జూమ్ లెన్సు, అంతే. కెనాన్ చిన్న సెన్సార్ (బొమ్మని పట్టే చిప్) బాడీ మీద 250 పెడితే చూపు 400 ఎంఎం లెన్సుకి సమానం అవుతుంది కూడా. నికాన్ పీ900 లాంటి బ్రిడ్జ్ కెమెరా (లెన్సు ఊడదీయలేనిది) 2000 ఎంఎంకి సమానమైన చూపు దాకా లాగుతుంది, నిజమే, కానీ సెన్సార్ గోరంత, మబ్బు పట్టిందంటే ఇసక జల్లినట్టు వస్తుంది ఫొటో. నౌపడ ఉప్పు మళ్ల గట్టు మీద నిలబడి ఎక్కడో దూరంగా ఉన్నవాటిని తీసేవాళ్లకైతే అదే మంచిది, నీకు కాదు.

ఎగిరే గూడబాతుకి షట్టర్ 1/1000 సెకను చాలు, రెక్క బరువుగా నెమ్మదిగా కొడుతుంది. లకుముకి పిట్టకైతే 1/2500 పెట్టినా ఒక్కోసారి చాలదు. ఐఎస్ఓ (వెలుతురుని పట్టే సున్నితత్వం) ఆటోలో పెట్టి పై హద్దు 3200 అని చెప్పేయ్. ఇంకోటి, పొద్దున్నే వెళ్లు. ఎండెక్కాక ఉప్పు మళ్ల మీద వేడిగాలి లేస్తుంది, ఇక ఎంత ఖరీదు లెన్సయినా మండే పొయ్యి మీంచి చూసినట్టే ఉంటుంది, చాలామంది దాన్ని ఫోకస్ తప్పనుకుని లెన్సుని రిపేర్‌కి తీసుకెళ్తారు.

“తేలుకుంచిలో కొంగల్ని తీస్తే ఒంటి మీద తెలుపంతా సున్నం కొట్టినట్టు వస్తోంది, ఆకాశంలో తీస్తే మాత్రం నల్లటి నీడే. ఒకే కెమెరా, రెండూ ఎందుకు తప్పుతున్నాయి?” – టీచర్, ఇచ్ఛాపురం

రెండిటికీ కారణం ఒకటేనండీ. కెమెరాకి తెలుపూ తెలీదు నలుపూ తెలీదు, కనిపించేదంతా కలిపి మధ్యస్థం బూడిదరంగుకి తేవాలని చూస్తుంది. పచ్చటి చెట్టు ముందు తెల్ల కొంగ ఉంటే, చెట్టు చీకటిగా ఉంది కదా అని మొత్తం వెలుతురు పెంచేస్తుంది, కొంగ సున్నం అయిపోతుంది. వెలుగు ఆకాశం ముందైతే ఉల్టా. అందుకే ప్లస్ మైనస్ గుర్తున్న బటన్ ఉంటుంది చూడండి, ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ అంటారు, చెట్టు ముందు మైనస్ 0.7 నుంచి మైనస్ 1, ఆకాశం ముందు ప్లస్ 1, అక్కడి నుంచి అటూ ఇటూ జరుపుకోండి. మెనూలో హైలైట్ అలర్ట్ ఆన్ చేస్తే బాగా కాలిపోయిన తెలుపు మిణుకు మిణుకుమంటుంది, అది కొంగ వీపు మీద మిణుకుమంటే ఇంకొంచెం తగ్గించాలని. సరిగ్గా పడిందో లేదో తెలియాలంటే ముక్కు చూడండి. మీ తేలుకుంచికి వచ్చే ఓపెన్‌బిల్ కొంగ ముక్కు మూసినా మధ్యలో సన్నటి సందు మిగులుతుంది, నత్తల్ని పట్టే ముక్కు అది, ఆ సందులోంచి వెనకున్న ఆకు కనబడితే మీ ఫొటో పాసైనట్టే.

అన్నట్టు మీరు ఉత్తరంలో ‘సైబీరియా పక్షులు’ అని రాశారు, మన పేపర్లూ అలాగే రాస్తాయి. ఓపెన్‌బిల్‌గానీ గూడబాతుగానీ ఎర్రకాళ్ల కొంగగానీ పిల్లల్ని పెట్టేది మన దక్షిణాసియా, ఆగ్నేయాసియా వైపే, వాటికి సైబీరియాతో చుట్టరికం లేదు. పిల్లలకి చెప్పేటప్పుడు ఇది చెప్పండి.

“వానాకాలం పోయాక లెన్సు తీసి చూస్తే లోపల సాలెగూడులా ఉంది. తుడిస్తే పోవట్లేదు.” – విజయనగరం

అది లోపలి గాజు మీద పెరిగిన ఫంగస్, బయట ఎంత తుడిచినా పోదు. నాకూ అయింది, మంచి తోలు కేసులో పెట్టి బీరువాలో దాచి జూన్‌లో మూసినవాణ్ణి దసరాకి తీశా, అప్పుడు తెలిసింది తోలు తేమని పట్టి ఉంచుతుందని. సర్వీసుకిస్తే విప్పి శుభ్రం చేస్తారు, కానీ ఎక్కువ రోజులైతే గాజు పూతని తినేసి ఉంటుంది, ఆ మచ్చ పోదు. సెకండ్‌హ్యాండ్ లెన్సు కొనేవాళ్లు ఫోన్ టార్చి ఒకవైపు నుంచి కొట్టి రెండోవైపు నుంచి చూడడం అందుకే.

మన కోస్తాలో డ్రై క్యాబినెట్ (తేమని అదుపులో ఉంచే పెట్టె) కొనలేకపోతే మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బా తీసుకుని, తేమ పీల్చే సిలికా జెల్ ఓ పావుకిలో, చిన్న తేమ మీటరు లోపల పడేయండి, 40-50 శాతం మధ్య ఉంటే చాలు. జెల్ నీలం నుంచి గులాబీకి తిరిగితే వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు. బియ్యంలో పెట్టమనేవాళ్ల మాట వినకండి, ఆ పిండి దుమ్ము లెన్సులోకి పోతుంది. ఏసీ కారులోంచి దిగగానే కెమెరా బయటికి తీయకండి, బ్యాగు మూసే ఓ అరగంట ఉంచండి, లేకపోతే చల్లటి సోడా సీసాకి పట్టినట్టు చెమట పడుతుంది. ఉప్పు గాలిలో తిరిగొచ్చిన రోజు కొద్దిగా తడిపిన గుడ్డతో బాడీ తుడవండి, లెన్సు గాజు కాదు, బాడీ.

“పిట్ట పేరు చెప్పే యాప్? మా సాలూరు కొండలవైపు సిగ్నల్ ఉండదు.”

మెర్లిన్. కార్నెల్ యూనివర్సిటీ పక్షుల ల్యాబ్ వాళ్లది, ఉచితం. ఇంట్లో వైఫై ఉన్నప్పుడే మన ప్రాంతం ప్యాక్ దింపుకుంటే కొండ మీద సిగ్నల్ లేకున్నా ఫొటో చూసి, కూత విని పేరు చెప్తుంది. విన్నదల్లా నమ్మకండి, మేకపిల్ల అరిచినా అది ఏదో ఒక పేరు చెప్పగలదు, కంటితో చూశాకే రాసుకోండి. ఆ యాప్‌లో కూత ఉంది కదా అని స్పీకర్ పెట్టి పిట్టని పిలవడం వద్దు, ఇంకో పిట్ట తన చోటులోకి వచ్చిందనుకుని గూడు వదిలి కొట్లాటకొస్తుంది. అరుదైన పిట్ట గూడు ఫొటో వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపితే లొకేషన్ కూడా వెంట వెళ్తుంది, మామూలు ఫొటోగా పంపండి.

డ్రోన్‌తో గూళ్లు తీయొచ్చా అని ముగ్గురు అడిగారు. వద్దు. తల్లి లేస్తే గుడ్డు ఎండకి పోతుంది, పిల్లని కాకి ఎత్తుకుపోతుంది.

“ఆన్‌లైన్‌లో 1 టీబీ మెమరీ కార్డు ఆరొందలకి కొన్నాను. గూడబాతుల ఫొటోలు మొదటి సగం తెరుచుకుంటున్నాయి, మిగతావన్నీ బూడిదరంగు. రికవరీ ఏదైనా ఉందా?” – రాజాం

లేదండీ. అది టీబీ కాదు, ఏ 16 జీబీదో 32 జీబీదో కార్డుకి టీబీ అని అబద్ధం చెప్పేలా చేసి అమ్మారు, నిజమైన చోటు నిండాక రాసిందంతా ఎక్కడా పడలేదు, పడనిదాన్ని ఏ సాఫ్ట్‌వేర్ తెస్తుంది? తెరుచుకున్నవి ముందు కంప్యూటర్‌లోకి దించేసి, తర్వాత విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే చిన్న ప్రోగ్రాంతో కార్డు నింపి చూడండి, అసలు సైజు బయటపడుతుంది, ఆ రిపోర్టు పెట్టి డబ్బులు వెనక్కి అడగండి. ఈసారి బిల్లుతో 64 జీబీ, మీద వీ30 అనే వేగం గుర్తున్నది తీసుకుని ముందే టెస్ట్ చేయండి. గూళ్లలో పిల్లలు మార్చి దాకా ఉంటాయి, ఇంకోసారి వెళ్లడానికి టైముంది.