‘సెట్’ పక్కన ఏమున్నదో చూడు

హనుమకొండ

బిడ్డా,

‘సెట్’ అనే మాటకు అర్థాలన్నీ రాసి పంపమన్నవు. పంపను. 1989 నాటి ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువుల ఆ ఒక్క క్రియకే 430 దాకా అర్థాలున్నయి. బట్టీ పడితే పరీక్ష దాకా కూడా నిలవవు. పక్కన ఏ మాట ఉన్నదో చూసుడు అలవాటు చేసుకో.

‘సెట్ ఆఫ్’ తీసుకో. తర్వాత ‘ఫర్ కాజీపేట’ అని ఉంటే బయలుదేరుడు. ‘క్రాకర్స్’ ఉంటే పటాకులు పేల్చుడు. ‘ది అలారం’ ఉంటే మోగించుడు. ‘సెట్ బ్యాక్’ ఇంకా తమాషా. ఇల్లు కట్టేటోళ్లు మున్సిపాలిటీ పర్మిషన్ కోసం గోడ చుట్టూ విడిచే జాగ సెట్‌బ్యాక్. పేపర్ల అదే మాట వస్తే ఎదురుదెబ్బ. ‘ఇట్ సెట్ మీ బ్యాక్ ఫైవ్ హండ్రెడ్’ అంటే ఐదు వందలు వదిలినయని. నామవాచకమైతే కలిపి రాయి, క్రియైతే విడగొట్టు. ‘సెటప్’, ‘సెట్ అప్’ కూడా అంతే.

మూడు కాలాలకూ రూపం ఒకటే, ‘సెట్టెడ్’ లేదు. ‘షీ సెట్స్ ద టేబుల్’ రోజూ చేసే పని, ‘షీ సెట్ ద టేబుల్’ అయిపోయిన పని. ‘దే సెట్’ దగ్గర ఆ ఎస్ కూడా ఉండదు, ‘ఎవ్రీ డే’నో ‘యెస్టర్‌డే’నో వెతుక్కోవాలె.

పెరుగు తోడుకున్నా, పొద్దు గూకినా, సిమెంటు బిగిసినా ఇంగ్లీషుల ‘సెట్’టే. సిమెంటు కాడ ఒక్కటి యాదుంచుకో: బిగుసుడు గంటల పని, అది ‘సెట్’. నీళ్లు పట్టంగ పట్టంగ రోజుల మీద బలం వచ్చుడు ‘హార్డెన్’. రెండూ కలపకు.

అసలు చిక్కు మన నోట్ల నానిన ‘సెట్’తోటి. ‘అంగీ సెట్ కాలే’ అనేదాన్ని అట్లనే ఇంగ్లీషుల పెట్టకు. కొలత కుదరకపోతే ‘ఫిట్’, రంగు నప్పకపోతే ‘సూట్’. ‘ఫోన్ సెట్ అయింది’ అంటే ‘ఇట్స్ వర్కింగ్ నౌ’. ఐసెట్‌ల ‘సెట్’ అయితే ఈ మాటే కాదు, అది కామన్ ఎంట్రన్స్ టెస్ట్, సీతోటి మొదలైతది.

ఒక నోట్‌బుక్కు పెట్టు. పేజీ నడుమ గీత కొట్టి, ఎడమ దిక్కు పేపర్ల కనపడ్డ పూర్తి వాక్యం, కుడి దిక్కు నీ తెలుగు రాయి. రోజుకు మూడు చాలు. ఆదివారం కుడి దిక్కు మూసి చదువు, తప్పినయి మళ్ల ఎక్కించు. నూరు వాక్యాలైనంక పంపు, దిద్దుత.

నీ పెద్దబాపు