పన్నెండు పదాలు, ఒక తాళంచెవి: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: బిట్‌కాయిన్ వాలెట్ ఇచ్చిన 12 పదాలు గుర్తుండటం లేదు. అదే జాబితాలోంచి నాకు నచ్చినవి ఏరుకుంటే చెల్లవంటోంది. ఎందుకు?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: వాలెట్‌ను తిరిగి తెచ్చుకునే పదాలకు ప్రమాణమైన బిప్-39 జాబితాలో 2048 పదాలుంటాయి. ఒక్కో పదం 11 బిట్లు (0 లేదా 1), పన్నెండు కలిపి 132. వాటిలో 128 యాదృచ్ఛికంగా పుట్టాలి. చివరి 4 మాత్రం ఆ 128 బిట్ల ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ (సమాచారానికి వేలిముద్ర లాంటి లెక్క) నుంచి వస్తాయి. రాతలో తప్పు దొర్లితే పట్టడానికి. కాబట్టి మీరు ఏరిన పదాలు పదహారింట ఒక్కసారే చెల్లుతాయి. చెల్లినా వాడొద్దు. మనం ఏరితే లవ్, హోమ్, మదర్ లాంటివే చేతికి తగులుతాయి, దొంగ కూడా అక్కడే మొదలుపెడతాడు.

యంత్రం మీద నమ్మకం లేకపోతే రూపాయి బిళ్ల 128 సార్లు ఎగరేయండి: బొమ్మకు 1, బొరుసుకు 0. 121 బిట్లతో పదకొండు పదాలు. మిగిలిన 7కు హ్యాష్‌లోని మొదటి 4 బిట్లు చేరిస్తే పన్నెండోది. ఈ లెక్క నెట్ లేని కంప్యూటర్లోనే చేయాలి. 0, 1 అని టైప్ చేసిన అక్షరాలకు హ్యాష్ తీస్తే తప్పు పదం వస్తుంది; ముందు 16 బైట్లుగా (ఎనిమిదేసి బిట్ల ముక్కలుగా) మార్చుకోండి.

ప్రశ్న: పదాలతో పాటు అదనంగా తెలుగులో ఒక పాస్‌ఫ్రేజ్ పెట్టాను. కొత్త ఫోన్లో అదే కొడితే ఖాతా ఖాళీగా ఉంది. డబ్బు పోయినట్టేనా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: కంగారు పడకండి. ఈ పాస్‌ఫ్రేజ్‌కు తప్పొప్పుల తనిఖీ లేదు. ఏం కొట్టినా ఏదో ఒక వాలెట్ తెరుచుకుంటుంది. మీ పదాలకు పాస్‌ఫ్రేజ్‌ను ఉప్పుగా (సాల్ట్, అంటే లెక్కలో కలిపే అదనపు ముక్కగా) కలిపి, హెచ్‌మాక్-ఎస్‌హెచ్‌ఏ-512తో పీబీకేడీఎఫ్2 అనే లెక్కను 2048 చుట్లు తిప్పితే 64 బైట్ల బీజం (వాలెట్ తాళంచెవులన్నిటికీ మూలం) వస్తుంది. ఒక్క బైటు మారినా అది వేరే బీజమే.

తెలుగులో ఆ బైటు మారే చోట్లు ఉన్నాయి. ఐత్వాన్ని (ై) యూనికోడ్‌లో ఒకే సంకేతంగానూ, రెండు ముక్కలుగానూ రాయవచ్చు. ప్రమాణం ప్రకారం ఎన్‌ఎఫ్‌కేడీ పద్ధతి రెంటినీ ఒకటి చేయాలి. ఆ మెట్టు వదిలేసిన యాప్‌లో తేడా వస్తుంది. అంతకన్నా మొండిది జీరో విడ్త్ నాన్ జాయినర్, అంటే అక్షరాలు కలిసిపోకుండా ఆపే గుర్తు. పొల్లుతో ముగిసే మాట చివర కొన్ని కీబోర్డులు దాన్ని చేరుస్తాయి. కంటికి కనబడదు, ఎన్‌ఎఫ్‌కేడీ తీసేయదు.

పాత ఫోన్లో వాలెట్ ఇంకా తెరుచుకుంటే ముందు డబ్బు కొత్త వాలెట్‌కు పంపేయండి. లేదంటే పాత కీబోర్డుతోనే, అదే యాప్‌లో ప్రయత్నించండి. సూచన నొక్కినప్పుడు చివర చేరిన ఖాళీని తీసి ఒకసారి, ఉంచి ఒకసారి చూడండి. యాప్ మారితే డెరివేషన్ పాత్ (బీజం నుంచి ఖాతాను తీసే దారి) వేరైనా ఖాళీగానే కనిపిస్తుంది. వెతికి పెడతామనే అపరిచితులకు ఆ పన్నెండు పదాలు చెప్పకండి. ఇకపై పాస్‌ఫ్రేజ్‌కు ఇంగ్లిషు చిన్న అక్షరాలే వాడండి. కొద్ది మొత్తం వేసి, వాలెట్ చెరిపి, తిరిగి తెచ్చుకున్నాకే మిగతాది దాచండి.

ప్రశ్న: లినక్స్ ల్యాప్‌టాప్ డిస్కుకు పద్యపాదం తాళంగా పెట్టవచ్చా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: వద్దు. అచ్చైన ఏ వాక్యమైనా ఊహించేవారి జాబితాలకు ఎక్కవచ్చు, ఇంగ్లిషు లిపిలో రాసినా సరే. 7776 పదాల డైస్‌వేర్ జాబితా తీసుకుని, పదానికి ఐదు పాచికల చొప్పున వేసి ఆరు పదాలు తీయండి. సుమారు 77 బిట్లు. లక్స్2లో (లినక్స్ డిస్కు తాళం వ్యవస్థ) ఆర్గాన్2ఐడీ అనే పాస్‌ఫ్రేజ్ లెక్కను ఎంచుకుంటే ప్రతి ఊహకూ బోలెడు మెమరీ ఖర్చవుతుంది, గ్రాఫిక్స్ కార్డులతో గుంపుగా ఊహించడం కష్టమవుతుంది. పాస్‌ఫ్రేజ్ తెరిచేది డిస్కును నిజంగా తెరిచే మాస్టర్ కీ ఉన్న అరను మాత్రమే. కాబట్టి దాన్ని మార్చినా, పాత హెడర్ (ఆ అరలు ఉండే డిస్కు భాగం) బ్యాకప్ దొరికినవాడికి పాత పాస్‌ఫ్రేజ్ ఇంకా పనిచేస్తుంది. పాత బ్యాకప్‌లు చెరిపేయండి.